వేలు దూరేంత వదులు

జడకి బ్యాండు అమ్మేటప్పుడు నేను చెప్పే మాటలు మా వీధిలో అందరికీ కంఠతా వచ్చు. ఎదురు చెప్పుల షాపాయన నన్ను ఏడిపించాలనుకున్నప్పుడల్లా నా గొంతుతోనే అప్పజెబుతాడు.

"అమ్మా, బ్యాండు పెట్టాక జుట్టుకీ బ్యాండుకీ మధ్య వేలు దూరాలి. దూరకపోతే అది కట్టు కాదు, ఉరి. అతుకు దగ్గర ఇనుప ముక్క ఉన్నది ముట్టుకోకండి, వెంట్రుకని కొరుకుతుంది. సన్న రబ్బరు వద్దు, గుడ్డ చుట్టింది తీసుకోండి. తడి జుట్టుకి కట్టకండి. తీసేటప్పుడు లాగకండి, చుట్టు విప్పండి. రోజూ ఒకే చోట బిగించకండి."

అందులో ఒక్క అబద్ధం లేదు. లేదు కాబట్టే సరుకు కదులుతుంది. అబద్ధంతో అమ్మితే మనిషి మళ్లీ మన గడప తొక్కదు. నిజంతో అమ్మితే చెల్లెల్ని, ఆడపడుచుని కూడా వెంటబెట్టుకొస్తుంది. నేను నిజాన్ని మంచితనం కొద్దీ చెప్పలేదు, గిట్టుబాటయింది కాబట్టి చెప్పాను.

నాది ఫ్యాన్సీ షాపు. దువ్వెనలు, పిన్నులు, క్లిప్పులు, రిబ్బన్లు, సవరాలు. ముఖ్యంగా జడ సామాను. మెత్తని గుడ్డ బ్యాండ్లు గాజు పెట్టెలో వరసగా, రంగుల వారీగా పెట్టి ఉంటాయి. అవి కస్టమర్లవి. ఇంటికి వెళ్లేది వేరే. అతుకు దగ్గర జిగురు కారినవి, ఇనుప ముక్క తుప్పు పట్టినవి, ఎండకి జిగటగా అయిపోయిన రబ్బరు రింగులు, ప్యాకెట్టు చిరిగి జత తప్పినవి అన్నీ ఒక పాత బిస్కెట్ల డబ్బాలో పడేసి ఇంటికి పట్టుకెళ్లేవాణ్ణి. అమ్ముడుపోని సరుకు పారెయ్యడం నష్టం. ఇంట్లో వాడితే ఆ మేరకు లాభం. ఈ లెక్క నేను కనిపెట్టింది కాదు, షాపు నడిపే ప్రతివాడి ఇంట్లోనూ ఉన్నదే. చెప్పుల షాపాయన భార్య ఏనాడూ ఒకే రంగు చెప్పులు రెండు కాళ్లకీ వేసుకోగా నేను చూడలేదు.

మా అమ్మాయికి తల్లి లేదు. మాటలు సరిగా రాని వయసులోనే పోయింది. జడ వెయ్యడం నాకు అప్పుడు రాదు, కానీ పార్సిలు కట్టడం వచ్చు. షాపు కిటికీ ఊచకి మూడు పురికొసలు కట్టి, వాటిని అల్లుతూ నేర్చుకున్నాను. పార్సిలు కట్టే చెయ్యి కదా, వదులంటే దానికి పడదు. కుదుళ్ల దగ్గర గట్టిగా ఒక బ్యాండు, అక్కణ్ణుంచి మూడు పాయల అల్లిక, చివర ఇంకో బ్యాండు. బడి వదిలే వేళకి కూడా ఒక్క వెంట్రుక చెదిరేది కాదు. బడిలో ఆడపిల్లలు "నీ జడ ఎవరు వేశారే?" అని అడిగితే "మా నాన్న" అని చెప్పేదట. ఆ మాట వీధంతా తిరిగి మళ్లీ నా దగ్గరికే వచ్చింది. దాన్ని కూడా వదల్లేదు నేను. అమ్మాయిని వెనక నుంచి ఫోటో తీయించి, నడుం దాటిన ఆ జడని షాపు బోర్డు మీద వేయించాను. జనం పిల్లకి 'రిబ్బను పాప' అని పేరు పెట్టారు. నాకు మాత్రం అమ్మడే.

షాపులో సాయానికి మా మరదలు ఉండేది. పోయిన నా భార్యకి చెల్లెలు, మా అమ్మాయికి పిన్ని. పక్క వీధిలోనే ఇల్లు, భర్త బస్సు డ్రైవరు. ఆవిడకి మగపిల్లాడిలా కురచ జుట్టు. ఒకసారి జ్వరమొచ్చి జుట్టంతా ఊడితే కత్తిరించేసుకుంది, ఆ తర్వాత మళ్లీ పెంచలేదు.

"జడ సామాను అమ్మే షాపులో క్రాపు తలేంటే?" అనేవాణ్ణి.

"మిఠాయి కొట్టువాడు లావుగా ఉంటే నమ్ముతారా బావా? జుట్టు సంగతి జుట్టు పోయినదాన్ని అడగాలి" అనేది. నోరు అలాంటిది. సవరాల పెట్టె తాళం ఆవిడ దగ్గరే ఉండేది, ఎందుకంటే కస్టమరు జుట్టు రంగుకి సవరం జత చెయ్యడంలో ఆవిడ కన్ను తప్పదు.

ఈ సంవత్సరం బళ్లు తెరిచిన కొత్తలో ఒక పొద్దున దువ్వెన పట్టుకుని పిలిస్తే మా అమ్మాయి గుమ్మంలోనే నిలబడింది.

"నేనే వేసుకుంటా నాన్నా."

"ఎందుకు? నా జడకేమొచ్చింది?"

"ఏం రాలేదు. పెద్దదాన్నయ్యాను కదా."

మనసు కాస్త చివుక్కుమంది. కానీ పొద్దున్నే షాపు తెరిచే టైము ముందుకి జరిగిందని సర్దుకున్నాను. అప్పటికి రెండు మూడు వారాల ముందనుకుంటా, షాపులో గాజు పెట్టె ముందు నిలబడి, "నాన్నా, ఈ మెత్తనివి ఒకటి తీసుకోనా?" అని అడిగింది. "అవి కస్టమర్లకమ్మా, డబ్బాలో చూడు" అన్నాను. పక్కనే ఎవరో సైజు అడుగుతున్నారు, అటు తిరిగాను. ఆ మాట అక్కడితో మర్చిపోయాను.

జడ తనే వేసుకున్నా లావు తగ్గలేదు. బోర్డు మీద ఉన్నట్టే ఉండేది. పిల్ల చెయ్యి తిరిగిందనుకుని గర్వపడ్డాను.

సవరాలు తగ్గుతున్నాయని తెలిసింది ఆ తర్వాతే. సవరం చవక సరుకు కాదు, అసలు జుట్టుతో చేసింది. పెట్టెలో ఉండాల్సిన వాటికీ ఉన్న వాటికీ పొంతన కుదరలేదు. తాళం మరదలి దగ్గర, కాబట్టి పోయింది మరదలి చేతి మీదుగానే. నా బుర్ర అంత సూటిగా నడిచింది. అడగడానికి చాటు కూడా చూసుకోలేదు. షాపులో మా వీధిలో బట్టలు కుట్టే కుట్టుమిషనమ్మ ఉంది, చెప్పుల షాపాయన టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు, ఇంకా ఇద్దరు ఆడవాళ్లు క్లిప్పులు చూస్తున్నారు.

"సవరాలు ఏమయ్యాయి?"

పిన్నులు సర్దుతున్న మరదలి చెయ్యి ఆగింది. "నేను తీశాను బావా."

"తీసి?"

"అవసరమున్నవాళ్లకిచ్చాను."

"ఎవరికి? నీ తలకా? నీ తల మీద క్లిప్పు కూడా నిలవదు. సవరం దేనికి కట్టావు, మీ ఆయన బస్సు అద్దానికా?"

జనం నవ్వారు. చెప్పుల షాపాయనకి టీ పొలమారింది. నవ్వు వచ్చేసరికి నాకు ఇంకా ఊపొచ్చింది. "బ్యూటీ పార్లరు వాళ్లకి అమ్ముకుంటున్నావని చెప్పెయ్యరాదూ, ఇంత గుట్టెందుకు?" అన్నాను.

మరదలు నన్ను చూడలేదు. మూలన స్టూలు మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటున్న మా అమ్మాయిని చూసింది. అమ్మాయి తల వంచుకుని పెన్సిలు చెక్కుతోంది. నా లెక్కల్లో ఆ చూపు పడలేదు.

"తీశానని చెప్పానుగా బావగారూ. ఇంక మీ ఇష్టం" అంది మరదలు.

ఊహ తెలిసినప్పటి నుంచీ నన్ను 'నువ్వు' అన్న మనిషి. ఆ రోజు నుంచి 'మీరు'. తాళం తీసుకున్నాను. ఆవిణ్ణి గుమ్మం దగ్గర పిన్నుల బల్ల దగ్గరికి మార్చాను. మానేస్తుందనుకున్నాను, మానలేదు. పొద్దున్నే వచ్చేది, పనిచేసేది, వెళ్లేది. దొరికిపోయిన మనిషి కాబట్టి ఒదిగి ఉందనుకున్నాను. తీసిన సవరం ఎవరి తల మీదుందన్నది సరైన ప్రశ్నే. దాన్ని నేనే అడిగాను, జవాబు కూడా నేనే చెప్పేసుకున్నాను.

ఆ వెనకే గుడ్డ బ్యాండ్ల కంపెనీ ఏజెంటు వచ్చాడు. ఈ చుట్టుపక్కల వాళ్ల సరుకంతా ఒక్క షాపుకే ఇస్తారట. నాకూ, బస్టాండు దగ్గరున్న ఇంకో షాపుకీ మధ్య తేల్చుకోవడానికి వచ్చాడు. తెల్లచొక్కా మనిషి, మర్యాదస్తుడు. బయట నిలబడి బోర్డు చూసి లోపలికొచ్చాడు.

"ఆ జడ నిజమేనాండీ, లేక ఫోటోలో కలిపారా?"

"కలపడమేంటండీ! మా అమ్మాయే. బడి నుంచి వచ్చే వేళయింది, మీరే చూడండి."

మాటలోనే అమ్మాయి వచ్చింది, బ్యాగు భుజాన వేసుకుని. కుట్టుమిషనమ్మ దారాలు కొనుక్కుంటోంది. మరదలు గుమ్మం దగ్గర ఉంది.

"ఇలా రా అమ్మడూ. సారుకి ఒకసారి జడ చూపించు."

"హోంవర్కు చాలా ఉంది నాన్నా."

"రెండు నిమిషాలు."

"బావగారూ, పిల్ల అలిసిపోయి వచ్చింది" అంది మరదలు.

"నిన్నెవరు అడిగారు?" అన్నాను. అమ్మాయి భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పాను. ఆ పిల్ల రెండు చేతులూ వెనక్కి పెట్టి జడ మొదట్లో గట్టిగా పట్టుకుంది. "వద్దు నాన్నా" అంది. సిగ్గుపడుతోందనుకుని నేను నవ్వాను, ఏజెంటూ నవ్వాడు.

"మామూలు బ్యాండుకీ మీ బ్యాండుకీ తేడా ఇప్పుడు చూపిస్తాను" అని, పిల్ల వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, కుదుళ్ల దగ్గరున్న బ్యాండు పట్టుకున్నాను. డబ్బాలోదే. నల్లది, ఇనుప ముక్కది, మూడు చుట్లు బిగించి ఉంది. చుట్టు విప్పలేదు. లాగాను.

జడ నా చేతిలోకి వచ్చేసింది.

పైన కుట్టిన నల్లదారం కనిపించింది. మా షాపు సవరమే. వాడి వాడి చిక్కుపడి, మెరుపు పోయి ఉంది. మా అమ్మాయి తలకి మిగిలింది చిటికెనవేలంత పిలక. అది కూడా సగంలో తెగి, కొసలు చీపురు పుల్లల్లా లేచి ఉన్నాయి. కణతల పక్కన జుట్టు వెనక్కి జరిగి నున్నటి చర్మం కనబడింది. అక్కడ ఎప్పుడూ ముందుకి దువ్వి క్లిప్పులు పెట్టుకునేది. అందం కోసం అనుకున్నాను. క్లిప్పులూ డబ్బాలోవే.

ఏజెంటు లేని కాగితమేదో బ్యాగులో వెతకడం మొదలుపెట్టాడు. మా అమ్మాయి ఏడవలేదు. రెండు అరచేతులూ తల వెనక కప్పుకుని గోడ వైపు నిలబడిపోయింది. నేను ఆ జడని పట్టుకుని అలాగే ఉన్నాను, కస్టమరుకి సరుకు చూపిస్తున్నట్టు.

మరదలు వచ్చి నా చేతిలోంచి సవరం లాక్కుంది. తన చున్నీ తీసి పిల్ల తల చుట్టూ కప్పింది. "పద తల్లీ" అని భుజం మీద చెయ్యేసి బయటికి నడిపించింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది.

"లెక్క సరిపోయిందా బావగారూ?"

ఏజెంటు గొంతు తగ్గించి, "ఇంకోసారి వస్తానండీ" అన్నాడు. రాడని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. విచిత్రమేమిటంటే ఆ సరుకు పోయినందుకు నాకు ఏమీ అనిపించలేదు. కుట్టుమిషనమ్మ దారం రీళ్లు బల్ల మీదే వదిలేసింది.

"ఆ పిల్లని ఎన్నెన్ని మాటలన్నావయ్యా ఆ రోజు" అంది మరదల్ని గురించి. కాసేపాగి, "నేను కూడా నవ్వానులే" అని వెళ్లిపోయింది.

షట్టరు దించేశాను. ఇంటికెళ్లి డబ్బా నేల మీద బోర్లించాను. వాడిన బ్యాండ్లన్నీ అందులోనే ఉన్నాయి, మళ్లీ వాడుకోవచ్చని మేం పారెయ్యం కదా. ప్రతి ఇనుప ముక్క చుట్టూ జుట్టు. కుదురుతో సహా వచ్చిన పొడుగాటి వెంట్రుకలు కొన్ని, ముక్కలు కొన్ని. జిగట రబ్బరు రింగులకైతే ఉండలు కట్టుకుని ఉంది. కొత్తగా చూసింది కాదు నేను. ఇన్నేళ్లు రోజూ నా చేత్తోనే ఆ వెంట్రుకలు పీకేసి బ్యాండు మళ్లీ వాడాను. దువ్వెనకి వచ్చిన జుట్టు ఉండ చుట్టి కిటికీలోంచి పారేశాను. సరుకు చేతులు మారేటప్పుడు కొంత తరుగు పోతుంది, ఏ వ్యాపారి దాని గురించి బెంగపడడు. రోజూ నా చేతిలో కాస్త కాస్తగా పలచబడుతున్న మా అమ్మాయి జుట్టుని నేను తరుగు కింద జమకట్టాను.

ఊరందరికీ చెప్పిన మాటలు ఒక్కొక్కటీ గుర్తుచేసుకున్నాను. వేలు దూరాలి. నా జడలో గుండుసూది దూరదు. ఇనుప ముక్క వద్దు. డబ్బా నిండా అవే. తడి జుట్టుకి కట్టొద్దు. బడికి టైమవుతోందని తలంటిన తడి మీదే బిగించేవాణ్ణి. లాగొద్దు. ఇందాక అందరి ముందూ చేసింది ఏమిటి? ఆ పిల్ల మూలన స్టూలు మీద కూర్చుని ఈ మాటలన్నీ రోజూ వింటూనే ఉంది.

మరదలి ఇంటికి వెళ్లాను. తలుపు తీసింది ఆవిడ భర్త, నాకు తోడల్లుడు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, ఖాకీ చొక్కా గుండీలు సగం తీసి ఉన్నాయి. నన్ను చూసి పక్కకి జరిగాడు.

"లోపల ఉన్నారు. నన్ను మాత్రం మధ్యలోకి లాగకండి అన్నగారూ. నేను బస్సు మనిషిని. ఎక్కేవాళ్లని ఎక్కిస్తా, దిగేవాళ్లని దింపుతా. లోపల సీటు కోసం కొట్టుకుంటే వెనక్కి తిరిగి చూడను."

"సీటు కోసం రాలేదు" అన్నాను.

"నిలబడే ఉండండి మరి. అదే మంచిది."

లోపల మంచం మీద మా అమ్మాయి గోడ వైపు తిరిగి కూర్చుంది, తల మీద చున్నీ తియ్యలేదు. మరదలు పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. ముందు వచ్చిన మాట అదే.

"చూశావా, ఇంకా ఎదుటివాళ్లనే నిలదీస్తున్నారు" అంది మరదలు, గోడకి చెబుతున్నట్టు.

అమ్మాయి తిరగకుండానే అంది. "చెప్పాను నాన్నా. మెత్తనిది ఒకటి తీసుకోనా అని అడిగాను. డబ్బాలో చూడమన్నావు."

నేను గుమ్మం పట్టుకున్నాను.

"నొప్పిగా ఉందని ఒక్క మాట చెప్పుంటే…"

"చెబితే జడ వెయ్యడం మానేస్తావని."

"మానేస్తే?"

చున్నీ కొస వేలికి చుట్టుకుంది. తర్వాత అంది, "జడ వేసేటప్పుడు నువ్వు షాపు మాటలు మాట్లాడవు నాన్నా. ఆ కాసేపే. అమ్మ సంగతులు చెప్పేవాడివి, కూనిరాగం తీసేవాడివి. అందుకని ఊరుకున్నా. తర్వాత కణతల దగ్గర ఊడిపోతుంటే భయమేసింది. నువ్వు చూస్తే బోర్డు సంగతి ఏమవుతుందో అనుకున్నా. అందుకే నేనే వేసుకుంటానన్నా. పిన్నిని సవరం అడిగా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా." ఇంకా గోడ వైపే తిరిగి ఉంది. "పిన్నిని నువ్వు అన్ని మాటలంటుంటే పెన్సిలు చెక్కుతూ కూర్చున్నా. నేను చెప్పాల్సింది."

"నోర్ముయ్యవే, నీదేం తప్పు" అంది మరదలు. "సవరం పాతబడింది, మార్చి కడదామంటే తాళం మీ నాన్న జేబులో ఉంది."

బేరం తప్ప ఇంకో రకం మాట నాకెప్పుడూ అలవాటు లేదు. ఏదైనా ఇస్తాననబోయాను. మెత్తని బ్యాండ్లన్నీ నీవేననీ, రేపే మంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాననీ నోటి దాకా వచ్చింది. అది కూడా బేరమే. మింగేశాను.

"తప్పు నాది" అన్నాను. చాలా చిన్నగా వచ్చింది. ముందుగది నుంచి తోడల్లుడు దగ్గాడు.

"ఆ మాట ఇక్కడ నాలుగు గోడల మధ్య చాలదు" అంది మరదలు. "నన్ను అన్నది నాలుగ్గోడల మధ్య కాదు."

"తెలుసు."

"పిల్ల ఈ రాత్రికి ఇక్కడే ఉంటుంది."

మా అమ్మాయి వద్దనలేదు. నేను ఒక్కణ్ణే తిరిగొచ్చాను.

మర్నాడు పొద్దున షాపు తెరిచాక చెప్పుల షాపాయన్ని పిలిచాను. కుట్టుమిషనమ్మ దారాల కోసం వచ్చింది. ఇంకెవరో కొత్తవాళ్లు కూడా ఉన్నారు, ఉండనీ అనుకున్నాను. మరదలు పిన్నుల బల్ల దగ్గర నిలబడి ఉంది.

"సవరాలు దొంగతనం కాలేదు" అన్నాను. "మా ఇంటికే వచ్చాయి. నా మూలంగానే రావలసొచ్చింది. ఈవిడ కాపాడింది నా పిల్లని. నేను అన్నవి తప్పుడు మాటలు, మీరందరూ విన్నారు కాబట్టి మీ అందరి ముందే చెబుతున్నాను."

అమ్మకానికైతే మాట ఎలా తూగుతుందో నాకు తెలుసు. ఈ మాట తూగలేదు, మధ్యలో రెండుసార్లు తడబడ్డాను. కుట్టుమిషనమ్మ తల వంచుకుంది. చెప్పుల షాపాయన ఏదో జోకు వెయ్యబోయి ఊరుకున్నాడు. తాళం తీసి మరదలి ముందు పెట్టాను.

"అక్కడే ఉంచండి" అంది. ముట్టుకోలేదు.

నిచ్చెన తెచ్చి బోర్డు దగ్గరికి ఎక్కాను. జడ ఉన్న రేకు విప్పాలి. స్క్రూలు ఎండకీ వానకీ బిగుసుకుపోయాయి, ఒక్కటీ తిరగడం లేదు. బిగించడంలో నాకెవరూ సాటిరారు కదా. మొత్తం బరువు ఒక చేతి మీద వేసి లాగితే నిచ్చెన పక్కకి జారింది.

"పడతావు బావా! దిగు!" అని అరిచింది కింద నుంచి మరదలు, వచ్చి రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది. అరిచాక తనే నాలుక కరుచుకుంది. నేను విననట్టే ఉన్నాను. రేకు దించాక ఆవిడ లోపలికి వెళ్లి, వెళ్తూ వెళ్తూ బల్ల మీది తాళం తీసి చున్నీ కొసకి ముడేసుకుంది.

ఇంటి నుంచి డబ్బా షాపుకి తెచ్చి, అందులో ఉన్నవన్నీ కత్తెరతో ముక్కలు చేసి పారేశాను. చెప్పుల షాపాయన ఎదురు నుంచి చూస్తూనే ఉన్నాడు, ఎందుకని అడగలేదు. రెండు రోజుల తర్వాత ఆయన భార్య మా షాపుకొస్తే కాళ్ల వైపు చూశాను. రెండూ ఒకే రంగు, ఒకే జత.

మా అమ్మాయి ఇంటికి వచ్చింది కానీ షాపుకి రాలేదు. పిన్నితో వెళ్లి జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. తెగినదంతా పోయాక మిగిలింది అంతే. లాగకుండా వదిలేస్తే కణతల దగ్గర మళ్లీ వస్తుందని పార్లరావిడ చెప్పిందట, టైము పడుతుందందట. ఈ మాట నాకు పిన్ని చెప్పింది, పిల్ల కాదు. ఇంట్లో పొద్దున్నపూట దువ్వెన చప్పుడు వినిపిస్తే నేను వంటింట్లోనే ఉండిపోయేవాణ్ణి. ఎదురుపడితే ఆ పిల్ల మామూలుగానే మాట్లాడేది. అదే భరించలేకపోయేవాణ్ణి. తిట్టి ఉంటే అప్పు వడ్డీతో సహా తీర్చినట్టుండేది.

ఒక సాయంత్రం షాపులో ఎవరూ లేనప్పుడు వచ్చింది. ఎప్పుడూ కూర్చునే స్టూలు దగ్గరికి రాలేదు. కస్టమర్లు నిలబడే వైపు, బల్లకి అవతల నిలబడింది.

"ఒక బ్యాండు కావాలి. ఆటల పీరియడులో జుట్టు కళ్లలో పడుతోంది."

గాజు పెట్టె తెరిచి ఉన్నవన్నీ బల్ల మీద పెట్టాను. మఖమల్‌వి, శాటిన్‌వి, లోపల మెత్తటి గుడ్డ చుట్టినవి. నా మాటలు మొదలుపెట్టే చోటు అదే. గొంతు దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ మాటలు ఈ పిల్లకి చెప్పే అర్హత నాకు లేదు.

నేను మాట్లాడకపోయేసరికి తనే ఒకటి తీసుకుని సాగదీసి చూసింది. "ఇనుప ముక్క లేదు కదా?"

"లేదు."

"పీకదు కదా?"

"మెల్లగా విప్పితే పీకదు."

ఇంకొకటి తీసుకుంది, చూసి పెట్టేసింది. మూడోది ముదురు గోధుమ రంగు శాటిన్‌ది. నేను అమ్మే వాటిలో అన్నిటికన్నా మెత్తనిది. దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, తలుపు పక్కన అద్దం దగ్గరికి వెళ్లి కట్టుకుంది. రెండే చుట్లు. చిన్న పిలక వెనక నిలబడింది, నా చేతిలో ఉన్నప్పటిలా బిర్రుగా కాదు, కాస్త పక్కకి వాలి. ఒక పాయ బయటికి జారింది. నా చెయ్యి దానంతటదే బల్ల మీద నుంచి లేచింది, సర్దడానికి. వెంటనే రెండు చేతులూ వీపు వెనక పెట్టుకున్నాను.

అద్దంలోంచి చూసింది. ఎంతసేపు చూసిందో తెలియదు. తర్వాత బల్ల దగ్గరికొచ్చి నాకు వీపు తిప్పి నిలబడింది.

"వెనక నుంచి నాకు అందట్లేదు నాన్నా. వేలు దూరుతోందేమో చూడు."

పార్సిళ్లు కట్టిన వేలు, కాయ కాసిన వేలు. దాన్ని జుట్టుకీ గుడ్డకీ మధ్య ఆనించాను. దూరింది. వెంటనే తీసేశాను.

"దూరుతోంది" అన్నాను.